చెద పెట్టిన చిల్లు

పాటూరులో కార్డుల కామాక్షయ్య ఇల్లెక్కడంటే
ఇప్పటికీ చెయ్యెత్తి చూపిస్తారు.
పని మాత్రం లేదు.
చీర అంచులు పెన్‌డ్రైవులో దిగుతున్నాయి.
నా పంచింగు మిషను మీద
మా వెంగమ్మ వడియాలు ఆరబెడుతోంది.

అట్లాంటి మధ్యాహ్నం ఆరోక్యసామి వచ్చాడు,
మద్రాసు వేపేరిలో పియానోలకు
చెవి ఆనించి బతికేవాడు.
చంకలో రెండు అట్టపెట్టెలు.
లోపల చుట్ట చుట్టిన కాగితం,
కాగితం నిండా చిల్లులు.

"రామాయపట్నం దొరల బంగళాలో దొరికాయి సార్,
కీర్తనల చుట్టల కింద,
దుప్పట్లో చుట్టి దాచారు ఎవరో.
ఇరవై నకళ్ళు కావాలి,
కొనేవాళ్ళు కాచుకోనున్నారు."

పెట్టె మీద వాయించినవాడి పేరున్న చోట
సరిగ్గా అక్కడే చిరిగింది.
ఆశ్చర్యపోలేదు.
మా నాయన నేసిన చీరల మీదా
అంగడి పేరే ఉండేది.

నాకు పాట రాదు, గళ్ళు వచ్చు.
అడ్డంగా ఎనభై ఎనిమిది లెక్కపెట్టుకున్నా.
నెల్లూరు ట్రంకు రోడ్డు లేతు షాపులో
పంచి అచ్చు కొత్తగా చేయించుకున్నా.
వడియాలు మంచం మీదికి మారాయి.

ఎడమ వైపు చిల్లులు బుద్ధిగా నడుస్తాయి,
తొక్కుడు చెక్క మీద పాదంలా,
ఒకటి, రెండు, ఒకటి, రెండు.
కుడి వైపువి చెప్పిన మాట వినవు.
పిలవకముందే వచ్చి కూర్చునేది ఒకటి,
పిలిచి మర్చిపోయాక
మెల్లగా తలుపు తీసుకొని వచ్చేది ఇంకొకటి.
నా దగ్గర నేర్చుకునే పిల్లోడు ఇట్లా కొట్టుంటే
చెవి మెలిపెట్టి ఉందును.

రెండో చుట్టది నిదానం.
పక్కపక్క గళ్ళలో రెండు చిల్లులు
ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ పడ్డాయి, చాలాచోట్ల.
అతనికి కావలసింది ఆ రెంటి నడుమ ఉంది.
అక్కడ మెట్టు లేదు.
నా అచ్చులోనూ గడి లేదు.
అందుకే రెండూ నొక్కాడు.

చెద తిన్న చిల్లులు వేరు, అంచులు నమిలినట్టుంటాయి.
వాటిని వదిలేస్తూ పోయా.
ఒక్కటి దగ్గర చెయ్యి ఆగింది.
అంచు కొంచెం మెత్తబడింది,
ఐనా గడిలోనే ఉంది.

"అది పురుగు పనే," అన్నాడు ఆరోక్యసామి,
"ఆ స్వరం అక్కడ తప్పు."
తప్పైతే మనిషిదే అని నాకనిపించింది.
పురుగు ఆకలేస్తే తింటుంది,
గడి చూసుకొని తినదు.

మూడు రాత్రులు చూసి
కావలి బస్సెక్కి రామాయపట్నం పొయినా.
వాచ్‌మన్ యేసోబు పియానో మీది కోడిని తోలాడు.
కూర్చొని తొక్కా. మగ్గం గుంటలో తేలిన కాళ్ళు,
ఎవరూ నేర్పనక్కర్లేకపోయింది.
తిత్తుల్లోకి సముద్రపు గాలే వెళ్ళింది.
మెట్లు వాటంతటవే కిందికి దిగుతుంటే
యేసోబు సిలువ గుర్తు వేసుకున్నాడు.

పాట అయినాక ఊరుకోలేక
మా నాయన రుద్రాక్ష అంచు కొట్టిన కాగితం ఎక్కించా.
మేకలు గుమ్మరించిన గిన్నెల చప్పుడు.
యేసోబు పడీపడీ నవ్వాడు, నేనూ నవ్వా.
చీర మీద ఎంత అందంగా ఉండేదో వాడికేం తెలుసు!

తర్వాత ఆ చిల్లు మూసి ఒకసారి విన్నా,
తెరిచి ఒకసారి.
మూస్తే, నున్నటి సిమెంటు రోడ్డు.
తెరిస్తే,
వాయించేవాడు బల్ల మీద కొంచెం జరిగి
ఇంకెవరికో చోటిచ్చినట్టు.

డబ్బులిచ్చేది ఆరోక్యసామి.
పంతొమ్మిదింట్లో అతను చెప్పినట్టే చేశా.
రాలిన కాగితపు చుక్కల్ని వెంగమ్మ
హార్లిక్సు సీసాలో పోసి ఉంచింది,
ఎందుకని నేనడగలా.

ఇరవయ్యోదాంట్లో ఆ చిల్లు పెట్టా.
పెట్టెలన్నీ ఒకే తీరు,
ఏది ఏ ఊరు పొయిందో తెలవదు.
ఏడాదైంది.
ఇంతవరకు ఎవురూ వాపసు పంపలేదు.