రెండు రేడియోల నడుమ

ఎడమ పక్క అజిందో సైకిల్ కొట్టు.
పొద్దున్నే ట్యూబు నీళ్లలో ముంచకముందే
అతని రేడియో మొదలు. ముల్లు పదకొండేళ్లుగా
ఒక్కచోటే.
కుడి పక్క షియా వెన్న అమ్మే సనాతు.
ఆమె రేడియోకి ముల్లు ఊడిపోయింది.
ఊడినప్పుడు ఏ స్టేషనుందో
ఇప్పటికీ అదే.

నడుమ నేను, నా మగ్గం.
తమలే బజారులో ఫుగు చొక్కాలకి
బెత్తెడు వెడల్పు పట్టీలు నేస్తాను.
ఒక చెవిలో రోడ్డు పూర్తయింది,
రెండో చెవిలో ఆ రోడ్డు మొదలే కాలేదు.
రోడ్డేమో నా ఎదురుగానే ఉంది,
సగం తారు, సగం ఎర్రమట్టి,
మధ్యలో ఎవరిదో మేక.

అజిందో స్టేషనుకి ఫోన్ చేసి
పేరు పెట్టి పిలిచి దెబ్బలాడతాడు.
సభ ఉందంటే సనాతు బుట్ట మూసి లారీ ఎక్కుతుంది,
గొంతు అక్కడే వదిలేసి వస్తుంది.
నేను ఎక్కడికీ పోను.
ఇతని మాట నన్ను లేపితే
ఆమె మాట కూర్చోబెడుతుంది.
అన్నీ తెలిసినవాడని మాత్రం పేటలో పేరు.

డిసెంబరు. హర్మటాన్ దుమ్ముకి
పెదవులు పగులుతున్న వేళ
తెల్లవారుజామున మూడింటికే బడి గోడ వెంట
జనం వరసగా రాళ్లు పెట్టి పోయారు,
ఎవరి చోటుకి వారి రాయి.
గ్రీజు మరకున్నది అజిందోది.
దానికి ఆనుకుని, జిడ్డోడుతూ, సనాతుది.
నాది జేబులోనే ఉంది.
వేళ్ల మధ్య తిప్పీ తిప్పీ
నున్నబడింది.

మధ్యాహ్నం అజిందో వచ్చాడు.
నీళ్ల ప్యాకెట్ సగం సనాతే తాగమని ఇచ్చిందట.
మూడు గంటలు ఎండలో
పిల్లల జ్వరాల గురించే మాట్లాడుకున్నారట.
"మరి నువ్వు?" అన్నాడు.
తెగని పోగుకి ముడి వేస్తూ తల వంచుకున్నాను.

అయిదింటికి పెట్టె మూస్తారు.
నాలుగున్నరకి లేచాను, నిజంగానే లేచాను,
చెప్పులో కాలు కూడా పెట్టాను.
ఎడమ రేడియో: గెలుపు మనదే.
కుడి రేడియో: గెలుపు మనదే.
ఇన్నేళ్లలో రెండూ ఒక్కమాట మీదికి రావడం
ఇదే మొదలు.
విని కూర్చుండిపోయాను.

చీకటి పడుతుంటే వుంపిని ఉరుకుతూ వచ్చాడు,
నా దగ్గర పని నేర్చుకునే కుర్రాడు.
ఫుట్‌బాల్ స్కోరు తప్ప ఏ వార్తా వినడు.
తొలి ఓటు. చిటికెనవేలు జెండాలా ఎత్తి
"మీదీ చూపించండి" అన్నాడు.

చూపించాను.
నీలిమందు పోగులు లాగీ లాగీ
ఏ ఎన్నికకీ ముందునుంచే
నీలమైపోయిన వేలు.

వాడు పక్కన పెట్టి చూసుకుని అన్నాడు,
"మీదే బాగా పడింది."