మూతకి అంటుకున్నది

క్లచ్ మార్చడం గంట పని అన్నాను.
దుల్మా పిన్ని నవ్వలేదు, నా వైపు చూడనూ లేదు.
బయట అర్హంగాయ్ చలి, మైనస్ ముప్పై రెండు.
పాత రష్యా బండిని ఉన్ని గుడారంలోకి దూర్చడానికే
అరగంట పట్టింది, హ్యాండిల్ ఒక పక్కకి తిప్పి
మొండి దూడని లాగినట్టు లాగి.
ట్యాంకు మాత్రం విప్పి మంచులోనే వదిలేశాం,
దానికీ పొయ్యికీ పడదు.

తొమ్మిది బోల్టులు. ఏ రెండూ ఒకే పొడుగు కావు.
పిన్ని వంటకి కలిపిన పిండిముద్దని చెక్క మీద అదిమి
ఏది ఎక్కణ్ణించి వచ్చిందో అదే వరసలో గుచ్చింది.
పిండిలో ఇంజన్ మూత ఆకారం ఒకటి తేలింది.
"రాత్రికి తినేదేమిటి మరి?" అన్నాను.
"బోల్టులు" అంది.

మూత ఊడింది. గాస్కెట్ ఊడలేదు.
సగం మూతకి, సగం ఇంజన్‌కి,
పంపకాలు తెగని అన్నదమ్ముల్లా చెరో వైపూ పట్టుకుని
నల్లగా, గాజులా గట్టిపడి, ఉడుంపట్టు.
నేను కత్తి తీశాను.

ఆ కత్తి సంగతి పిన్నికి తెలుసు.
కిందటేడు మా అన్న బండికి దాంతోనే గీకాను.
అల్యూమినియం మెత్తన, కోపం చూపిస్తే గుర్తు పెట్టుకుంటుంది.
వెంట్రుకంత గీత.
అందులోంచి వేసవంతా నూనె కారింది,
అన్న ప్యాంటు ఎడమకాలు ఇప్పటికీ నలుపే.

పిన్ని నా చేతిలోంచి కత్తి తీసి మాంసం పక్కన పెట్టింది.
పరుపు కిందనుంచి తన సామాను తెచ్చింది:
ఒక అంచు అరగదీసిన గొర్రె పక్కటెముక,
ముప్పై ఏళ్ళుగా తోళ్ళ లోపలి పొర తీసే ఎముక.
కరిగిన తోక కొవ్వు గుడ్డతో అద్ది గాస్కెట్ మీద పరిచి
"టీ తాగు" అంది.
తాగాను. "ఇంకోటి తాగు."
మూడో గిన్నెకి నల్లటి అంచు మెత్తబడి
పుండు మీద పక్కులా లేచింది.

అప్పుడు మూతని ఒళ్ళో పెట్టుకుంది.
ఎముకని నిలబెట్టదు, పడుకోబెడుతుంది.
తోయదు, ఆనించి వాలుతుంది.
చర్మం ఎక్కడ ఆగి కొవ్వు ఎక్కడ మొదలవుతుందో
మణికట్టుతో కనుక్కునే మనిషి.
పెచ్చు లేచేది, చుట్టుకునేది, ఒళ్ళో రాలేది.
ఇంజన్ నోట్లో ముందే గుడ్డలు కుక్కించింది నాచేత,
ఒక్క ముక్క లోపల పడినా గేర్లు నమిలి నమిలి చెబుతాయని.

కింది మూలలో చెయ్యి ఆగింది.
లోహం మీద నీలం పెన్సిలు, అద్దంలోలా తిరగబడి:
గొర్రెలు, మూడు, ఒకటి, ఒకటి.

గోంబో బాబాయి రాత.
ఈ గాస్కెట్ ఆయనే కోశాడు, పోకముందు ఏదో చలికాలం,
లెక్కల పుస్తకం అట్టతో.
"పుస్తకం ఎలకలు తిన్నాయన్నాడు నాతో" అంది పిన్ని.
"గణనకొచ్చినవాడికి రెండొందల పద్నాలుగని చెప్పాం.
ఇల్లంతా వెతికాను. దొంగ ముసలాడు,
ఇంజన్‌లో పెట్టుకు తిరిగాడు."
భుజాలు కదిలాయి. నవ్వో ఏమిటో, మూతలోకి వంగి ఉంది.
నేను పొయ్యిలో ఎండు పేడ వేశాను, అవసరం లేకపోయినా.

అక్కడ ఎముకని ఇంకా నెమ్మదిగా నడిపింది.
ముందు గొర్రెలు పోయాయి. తర్వాత ఒకటి, ఒకటి.
మూడు మాత్రం కాసేపు ఉంది.
పోయింది.
గోరుతో అంచంతా చుట్టి చూసింది, ఎక్కడా తగల్లేదు.

కొత్తది, టీ ఇటుకలు వచ్చిన అట్టపెట్టెతో.
మూత మీద పరిచి చిన్న సుత్తితో అంచు వెంట తట్టాం,
లోహమే తన హద్దు తాను కోసుకుంది.
నూనెలో నానిన క్లచ్ ప్లేట్లు ఒకటొకటిగా లోపలికి,
పిండిలోంచి బోల్టులు ఒకటొకటిగా వెనక్కి,
ఎదురుబొదురుగా, కొంచెం కొంచెంగా బిగించాం.
ఆ పిండితోనే పిన్ని నూడుల్స్ కోసింది.
ఇనుప రుచి. ఇద్దరం ఏమీ అనలేదు.

తెల్లారి, బయట నిలబెట్టిన బండి కింద మంచు చూశాను.
తెల్లగానే ఉంది. కాదు, ఒక చుక్క, మిరియపు గింజంత.
గుడారంలోంచి కేక: "కింది బోల్టు, పావు చుట్టు.
అంతకంటే తిప్పకు."