శ్శబ్దం పాటించండి

కంచరపాలెం శాఖా గ్రంథాలయంలో
పొద్దున్నే నా మొదటి పని
బల్లల మీద బొగ్గుధూళి తుడవడం.
రాత్రంతా పోర్టు రాసిన పేజీ అది,
ఎవరూ ఇంటికి తీసుకెళ్లరు.

ఎనిమిదింటికి దాలయ్య.
క్రేను దిగి పదకొండేళ్లు.
పేపర్లో ఓడల రాకపోకలు మాత్రం చూస్తాడు,
తాడు ఇంకా తన చేతిలోనే ఉన్నట్టు.

వెనకాలే పిల్లలు: కానిస్టేబులు, రైల్వే, గ్రూప్ టూ.
బీరువాల్లో నవలల వంక చూడరు.
ఫ్యాను కింద కుర్చీ, ఓ ప్లగ్గు,
ఒంటిగది ఇళ్లలో దొరకని మూడు గంటలు, అంతే.
మొదట్లో నాకు ఉక్రోషం.
ఇష్యూ రిజిస్టరులో ఆఖరి సంతకం
కిందటి కార్తీకానిది.

హుద్‌హుద్ మర్నాడు
తడిసిన పుస్తకాలు రోడ్డు మీద ఆరేస్తుంటే
ఎండుచేపల గౌరమ్మ తన పరదాలో సగం జరిపిచ్చింది.
మూడో అరలో ఇప్పటికీ నెత్తళ్ల వాసన.

ఆ గౌరమ్మే మొన్న ఇంటిపన్ను రసీదు పట్టుకొచ్చింది.
"ఈ గీత కింద డబ్బులేటి బాబూ?"
పరీక్ష పిల్లలు లెక్క ఆపి చదివారు.
"గ్రంథాలయం పన్నమ్మా. ఈ గదికే."
"ఎప్పట్నుంచి?"
"మీరు ఇల్లు కట్టిన కాణ్ణుంచి."
ఆమె గంప గుమ్మంలో దించి
ఫ్యాను కింద కుర్చీ లాక్కుని కూర్చుంది.
"అయితే పేపరు పైకి సదవండి. నాకూ ఇనబడాల."

దాలయ్య గొంతు సవరించుకున్నాడు,
ఓడలు వదిలేసి, మొదటి పేజీ నుంచి.
నీళ్ల రేటు దగ్గర ఒక కుర్రాడు అడ్డం పడ్డాడు,
ఇంకొకామె కాదంది,
నేను అలవాటుగా గోడ మీది బోర్డు వైపు వేలు చూపించాను.

ఉప్పుగాలికి మొదటి అక్షరం ఎప్పుడు రాలిందో
నేను చూడనేలేదు.