వేలి మందం

సూసమీర్ లోయ దాటి కనుమ ఎక్కుతుంటే
ఏడో మలుపులో వెలిగింది.
గోరంత బొమ్మ:
ఒక డబ్బా, దాని నెత్తిన రెండు కొమ్ములు,
లోపల ఒక కూడిక, ఒక తీసివేత.

"ఏంటమ్మాయ్, ఊపిరి బిగబట్టావు?"
పక్క సీట్లోంచి దూయిషోన్ ఆతా.
రెండేళ్ళుగా అతని కళ్ళ నిండా
గంజి కట్టినట్టు తెలుపు.
రేపు పొద్దున ఎనిమిదింటికి
బిష్కెక్ ఆసుపత్రిలో కుడి కన్ను కోస్తారు.
నలభై ఏళ్ళు ట్రాక్టర్ల కడుపుల్లో చేతులు పెట్టిన మనిషి
పొద్దుటి నుంచి నాతో ఆడినవి నాలుగు మాటలు.
అందులో మూడు, "వెనక్కి పోదామా."

"ఎర్ర దీపం, ఆతా. బ్యాటరీది."

దిండుకు ఒరిగినవాడు నిటారుగా లేచాడు.
"నిలకడగా ఉందా, మినుకుతోందా?
రేజ్ చేస్తే ముదురుతోందా, పలచబడుతోందా?
వేడి ముల్లు ఎక్కడుంది?"
చూసింది చూసినట్టు అప్పజెప్పాను.

"ముల్లు కదల్లేదంటే నీళ్ళు తిరుగుతున్నట్టే.
బ్యాటరీది తప్పు కాదు,
దానికి తిండి అందట్లేదు.
ఇప్పుడు మనం గాదెలోది తింటున్నాం.
హీటర్ ఆపు. పాట ఆపు. వెనకద్దం తీగలు ఆపు.
ఇంజన్ మాత్రం ఆపకు,
ఎక్కుడు మీద ఆగామంటే
మళ్ళీ లేపడానికి పిడికెడు మిగలదు."

"హెడ్‌లైట్లు?"

"సొరంగంలో అవి మనకోసం కాదు,
ఎదుటివాడికోసం. ఉండనీ."

సొరంగం పొడవునా
మా వెలుతురు పాతబడిన తేనె రంగుకు దిగింది.
బొగ్గు లారీ ఒకటి రాసుకుంటూ పోయింది.
కాళ్ళు మొద్దుబారాయి.
ఆతా మాత్రం చెవి ముందుకు వంచి
ఎవరో చాడీ చెబుతుంటే వింటున్నట్టు కూర్చున్నాడు.
"తొక్కు. ఇంకొంచెం. అదిగో!"
ఎలుక పిల్ల గొంతులాంటి కీచు.
"బెల్టు జారుతోంది. తెగలేదు, జారుతోంది."
అంత సంబరంగా ఎవరైనా చెడు కబురు చెప్పడం
నేనెప్పుడూ వినలేదు.

అవతల మంచు.
"ముక్కు పల్లానికి పెట్టి ఆపు" అన్నాడు.
బండి ఒళ్ళు తడుముకుంటూ ముందుకు వచ్చాడు,
తలుపు, అద్దం, దీపం, బానెట్.
చేతి తొడుగు పళ్ళతో లాగి
బెల్టు మధ్య బొటనవేలు ఆనించాడు.
"వేలి మందం దిగాలి. ఇది చూడు,
కొత్తకోడలి ముందు మామ నడుములా ఎంత వంగుతోందో."

రాడ్డు లేదు.
వెనక సీట్లో, చెల్లెలు కుండుజ్‌కి తీసుకెళ్తున్న
కుమిస్ చిలికే కవ్వం ఉంది.
ఆ నగరం పేరుకీ ఈ కవ్వానికీ చుట్టరికం అంటారు.
దాని కర్ర ఆల్టర్నేటర్ వెనక దూర్చి
అతను మీటి పట్టాడు,
నేను పదమూడో నంబరు పానాతో బోల్టు బిగించాను.
చేతులు రెండుసార్లు జారాయి.
మూడోసారి అతని చెయ్యి వచ్చి
నా మణికట్టు మీద ఊరికే ఉంది,
ఎంత బలం పెట్టాలో దానికి తెలుసు.
కర్ర కొస చీలింది. కుండుజ్‌తో తిట్లు ఖాయం.

తాళం తిప్పితే టక్కు, అంతే.
బ్రేకు వదిలి, దొర్లించి,
రెండో గేరులో క్లచ్ వదిలాను.
దగ్గింది. మళ్ళీ దగ్గింది. అందుకుంది.

"ఆరిందా?"
"ఆరింది."
అతను తల ఆడించాడు,
చూసినట్టే.

కారాబల్తా దగ్గర పొద్దు కుంకింది.
వాన. వైపర్లు, లైట్లు,
అతని మోకాళ్ళకోసం నేను దొంగచాటుగా పెట్టిన హీటర్.
డ్యాష్‌బోర్డు మూల మళ్ళీ లేత ఎరుపు,
ఉందో లేదో అన్నట్టు.
నేనేమీ అనలేదు.

"ఫ్యాన్ గొంతు దిగింది" అన్నాడు కాసేపటికి.
"వెలిగిందిగా?"
"కొంచెం."
"కొత్త బెల్టు కొనాలి. అడ్డమైనదీ అంటగడతారు, తొందరపడకు.
పాతదాని వీపు మీద నంబరు ఉంటుంది.
ఎల్లుండి కట్టు విప్పాక
నేను చదువుతా."

కిటికీ వైపు తిరిగాడు.
"అప్పటిదాకా హీటర్ లేదు. ఆపు."