తలుపు తీసే పిల్ల

మొదట్లో ముక్కు మైనంతో చేసేవాళ్లం.
నేను క్లైపెడా థియేటర్లో బట్టల గదికి కుదిరిన ఏడు
రోజూ రాత్రి దాన్ని గెనొవైతె మొహానికి అంటించడం నా పని.
లైట్ల వేడికి రెండో అంకానికల్లా
పెదవి మీదికి జారేది.
పిల్లలు కెవ్వుమనేవాళ్లు.
ఆ కేక మీదే మా అందరి జీతాలు.

మా రేవులో పాలు తాగే పిల్లకైనా తెలిసిన కథే:
పొగమంచు ముసలిది
గాలుల్ని పట్టి ఇనప్పెట్టెలో కుక్కి తాళం వేసింది.
పడవలన్నీ మేకు కొట్టినట్టు నీళ్లమీద నిలబడిపోయాయి.
చేపలోళ్ల కుర్రాడొకడు ఆ ఇంట్లో దూరి
తాళంచెవి కాజేసి
ముసలిదాన్ని బావిలోకి తోశాడు.
గాలి వీచింది.
అక్కడితో కథ కంచికి వెళ్లిపోవాల్సింది.
వెళ్లలేదు.

తొంభై ఎనిమిదిలో ఓ లావుపాటి పుస్తకం వచ్చింది.
రాసినావిడ ముసలిదానికి పేరు పెట్టింది, ఉర్తె అని.
పేరంటూ పెట్టాక ఊరుకుంటుందా,
మొగుణ్ణిచ్చింది, ఇద్దరు కొడుకులనిచ్చింది,
ముగ్గుర్నీ ఒకే గాలివానలో తీసేసుకుంది.
గాలుల మీద ఆవిడకి ఆ పగ
ఊరికే పుట్టలేదన్నమాట.
బస్సులో చదువుతూ నా స్టాపు దాటిపోయాను.
మంచులో రెండు మైళ్లు వెనక్కి నడిచాను,
పుస్తకం కోటు లోపల దాచుకుని.

ఆ పుస్తకమే నాటకమైంది.
కొత్త దర్శకుడు "ముక్కొద్దు" అన్నాడు.
"గూనీ వద్దు. మా పక్కింటావిడలా ఉండాలి."
కొత్త అంగీకి డబ్బుల్లేవు.
పాత నల్లంగీనే కుట్లు విప్పి
లోపలి వైపు పైకి తిప్పి కుట్టాను.
ఇన్నేళ్లూ ఎవరూ చూడని అస్తరు
ఊదారంగులో, తెల్లవారే సముద్రంలా.
పిల్లలెవరూ కెవ్వుమనలేదు.
మూడో వరసలో ఓ ముసలాయన
కళ్లద్దాలు తుడుచుకుంటూ ఉండిపోయాడు.

తర్వాత కుర్రాడి వంతు.
ఇంకో నాటకంలో వాడికి నలభై ఏళ్లు, తాగుతాడు,
గాలి లేచిన రాత్రి నిద్రపోలేడు.
వాడి స్వెట్టర్ మోచేతులు నేనే రాయితో రుద్ది చింపాను.
పోయినేడు పెట్టెక్కూడా నోరొచ్చింది!
ప్లైవుడ్ డబ్బాలో ముడుచుకున్న ఒక డాన్సరు
పదకొండు నిమిషాలు మాట్లాడింది,
లోపల గాలులు ఎలా ఏడ్చేవో.
చెప్పొద్దూ, బాగానే ఉంది.
ఆమె మోకాళ్లకి రోజూ నేనే మందు రాశాను.

కానీ తలుపు తీసే పిల్ల?
ముసలిదాని ఇంట్లో పనిపిల్ల.
"రా. కాళ్లు తుడుచుకో." అంతే.
పాత కథలోనూ అదే, లావు పుస్తకంలోనూ అదే.
ముసలిది బావిలో పడ్డాక
ఆ నెల జీతం ఎవరిచ్చారు?
ఆ రాత్రి ఎక్కడ పడుకుంది?
నలభై ఒక్క ఏళ్లుగా అదే తెల్ల ఏప్రన్.
నడుంపట్టీ లోపల సిరాతో పేర్లు:
రమునె, విల్హెల్మినా, ఇంకొకటేదో
ఉతుకులకి పోయింది.

ఈ చలికాలం పిల్ల ఔస్తె, పందొమ్మిదేళ్లది,
తెరవెనక ఎప్పుడూ బబుల్‌గమ్ నములుతుంది.
మొన్న గురువారం
తలుపు తీసి "రా" అంది.
ఆగింది.
కుర్రాడి బూట్లకేసి చూసింది,
కాసేపట్లో తాళంచెవి చేరబోయే వాడి జేబుకేసి చూసింది.
నేను లెక్కపెట్టాను, నాలుగు అంకెలు.
పైన లైట్ల దగ్గర గింతరాస్ బూతు తిట్టాడు.
అప్పుడంది, "కాళ్లు తుడుచుకో."

"పిన్ను గుచ్చుకుంది, అంతే" అంది
ఏప్రన్ నా చేతికిస్తూ.
నా కుట్టులో పిన్నులు మిగలవు.

అందరూ వెళ్లాక
పట్టీలో ఆమె పేరు రాశాను.
సూదిలో దారం ఎక్కించి
ఏప్రన్ లోపలి వైపు, ఎవరికీ కనబడని చోట
ఒక జేబు కుట్టాను,
తాళంచెవి పట్టేంత.