కొలతల బుక్కు

నాకు అచ్చరాలు రావు.
అంకెలు అస్తయి, టేపు నేర్పింది.
పేర్లకు బదులు బొమ్మలు గీసుకుంట:
మంగలోళ్ళ కోడలికి దువ్వెన,
ఫారెస్టు గార్డు పెండ్లానికి టోపీ,
కొలతకు నిలబడి నవ్వు ఆపుకోలేని కుమ్మరి సమ్మక్కకు
ఊకె ఒక నోరు.

సిరోంచల ముప్పై ఏండ్ల జాకెట్లన్నీ
ఆ బుక్కులనే ఉండె.
ఎవలు చిక్కిండ్రు, ఎవలు నీళ్ళోసుకున్నరు,
ఎవలు ఎవలికీ చెప్పకుంట ఎండిపోతున్నరు,
నడుము కొలతలనే నాకు తెలిసేది.

ఒక్క పేజీల మాత్రం అచ్చరాలున్నయి.
నా బిడ్డ రాసుకుంది, మరాఠీల,
బడి నేర్పినట్టు నెత్తిమీద గీత గీసి:
వనజా దుర్గం, తిస్రీ బ.
"నాకు బొమ్మొద్దమ్మా, నేను సదువుకున్న" అన్నది.
దాని కింద నేను అంకెలేసిన.
చాతి ఇరవై నాలుగు. పొడవు. చెయ్యి.
బడి డ్రెస్సు. గుండీలు కుట్టేదే మిగిలింది.

ఆ వానకాలమే జరం.
చంద్రాపూరు తొవ్వల, ఆలపల్లి దాటినంక,
అంబులెన్సు డ్రైవరు సైరన్ బందు చేసిండు.
ఎందుకని నేనడగలే.

రెండేండ్లకు ప్రాణహిత ఇంట్లకచ్చింది.
రాత్రి. ముందుగాల వాసన, తర్వాత నీళ్ళు.
మిషిను మునిగింది. మిషినుది ఏముంది, ఇనుము,
నూనె పోస్తే మల్ల తిరిగింది.
బిస్కెట్ల డబ్బా పోయింది,
దారాలతోని, కత్తెరతోని, ఆ బుక్కుతోని.
పంచనామాకు అచ్చిన తలాఠీ
"నష్టం ఏమేం రాయాలె" అన్నడు.
"డబ్బా" అన్న.
"డబ్బాకు పైసలు రావు" అన్నడు.
ఆయన తప్పేం లేదు.

దీపావళి పోయినంక ఒక ఆదివారం
ఒక మనిషి అచ్చి గడప అవతల నిలబడ్డడు.
మాడియాయన. చంకల యూరియా సంచి,
చేతిల పుల్ల విరిగిన గొడుగు.
సగం తెలుగు, సగం మరాఠీ కలిపి అడిగిండు:
"వనజా దుర్గం ఇల్లు ఇదేనా?"

రెండేండ్లాయె, ఆ పేరు ఇంకో నోట్ల వినక.
ఊరోళ్ళు నా ముందల పలుకరు.
అదే పేరున్న దుకాణపామెను గూడ
"ఆమె" అంటరు.

"ఇదే" అన్న.
"ఉన్నదా?"
"బడికి పోయింది" అన్న.
ఎందుకన్ననో.

ఆయన వాకిట్ల ఎండను చూసిండు,
గల్లిల గోటీలాడుతున్న పోరగాండ్లను చూసిండు.
ఆదివారమని ఆయనకూ తెలుసు.
ఏమనలే. చెప్పులు విడిచి
లోపలికచ్చి కూసున్నడు.

సంచి విప్పితే డబ్బా.
సోమనూరు దిగువ, పత్తి ఏరవోతే
గట్టుమీది తుమ్మకంపల చిక్కిందట.
ఆశ్రమశాలల నాలుగు దాకా సదివిండట.
బుక్కంత తిరగేస్తే అన్నీ బొమ్మలే,
సదవ అచ్చింది ఒక్క పేరే.
అంకిసల అడిగిండు, ఆసరెల్లిల అడిగిండు,
మూడు వారాల అంగళ్ళు తిరిగి
మిషిను చప్పుడు ఇనపడ్డ ప్రతి ఇంటిముందల నిలబడ్డడు.
"చిన్నపిల్ల రాత. ఎదురుచూస్తదనుకున్న" అన్నడు.

పైసలియ్యబోతే గొడుగు అడ్డం పెట్టిండు.
అంగీకి రెండో గుండీ లేదు, అది కుట్టమన్నడు.
తొడుక్కున్నదానికి సూది పెట్టొద్దని ఇప్పించిన.
డబ్బా అడుగున, కాగితంల చుట్టినయి చుట్టినట్టే ఉన్నయి
బడి డ్రెస్సు తెల్ల గుండీలు.
అండ్ల ఒకటి కుట్టిన.
చాయ తాగి అయిదింటి బస్సుకు పోయిండు.
పేరడుగుడు మరిచిన.

పేజీ ఎండినంక చూసుకున్న.
పేరుంది. చాతి ఉంది. పొడవు ఉంది.
చెయ్యి కొలత కాడ నీలం మరక.
ఎంతుండె?
నా మెడ చుట్టు ఏస్తే
వేళ్ళు వెనుక కలిసీ కలవనంత.
టేపు మెడకేసుకొని అద్దం ముందల
శానాసేపు నిలబడ్డ.

తర్వాతి పేజీల పుల్ల విరిగిన గొడుగు గీసిన.
ఆయన అంగీ ఇప్పినప్పుడే కంటికొలత తీసిన:
భుజం పదిహేడు. చాతి ముప్పై నాలుగు.
కుట్టి మేకుకు తగిలేసిన.
సోమనూరు బస్సు అచ్చినప్పుడల్ల
గొడుగులను చూస్త,
ఎండకాలం గూడ.