తడిసిన అట్టపెట్టె

పదికి నాలుగు.
మా ఆల్బమ్‌కి లండన్ పత్రిక వేసిన మార్కు.
అత్తెసరు కూడా కాదు.

హల్ నగరం, హెసల్ రోడ్డు, చేపల వేపుడు కొట్టు బయట
డెర్విన్ గట్టిగా చదివాడు.
మేం ముగ్గురం చిప్స్ నములుతూ విన్నాం.
"గొంతులో జలుబు, గిటార్లలో తుప్పు.
ఇక డ్రమ్స్ అంటారా,
తడిసిన అట్టపెట్టెను ఎవరో
పిడికిలితో బాదుతున్నట్టు."

డెర్విన్ పత్రికను చుట్టి హంబర్ నదిలోకి విసిరాడు.
అది పోటు వేళ.
నది దాన్ని తెచ్చి మళ్లీ మా కాళ్ల దగ్గర బురదలో పెట్టింది.
ఐలా ఏడవలేదు. ఇంటికెళ్లి జుట్టు కత్తిరించుకుంది.
నాకు మాత్రం నవ్వొచ్చింది.

ఎందుకంటే ఆ ఫిబ్రవరిలో
స్టూడియో అద్దె కోసం నా పెద్ద డ్రమ్ము అమ్మేశాం.
దాని బదులు వాయించింది
రేవు గోదాం వెనక వానలో దొరికిన
కాడ్ చేపల అట్టపెట్టెనే.
వాసనకి మైకు పట్టుకున్న కుర్రాడు ముక్కు మూసుకున్నాడు.
ఎవరికీ చెప్పొద్దని నలుగురం ఒట్టేసుకున్నాం.
ఊరూ పేరూ తెలియని ఆ మనిషి
రెండొందల మైళ్ల అవతల కూర్చుని
పెట్టెను పెట్టె అన్నాడు!

ఇరవై మూడేళ్లు.
రికార్డు మళ్లీ వేశారు, ఈసారి బరువైన అట్టతో.
అదే పత్రిక, వేరే సంతకం, పదికి తొమ్మిది.
"ఆ డ్రమ్స్‌లో
మూతబడిన రేవుల గుండె కొట్టుకుంటోంది" అట.
ఎవరో కుర్రవాడు ఫోన్ చేశాడు:
"ఆ శబ్దం ఎలా సాధించారు మేడమ్?
ఏ తోలు వాడారు?"
ఒట్టు తీసి గట్టున పెట్టి
చేపల పెట్టె, అన్నాను.
పకపకా నవ్వాడు.
నాకు హాస్యం ఎక్కువని రాశాడు.

డెర్విన్ ఆ పేజీకి ఫ్రేము కట్టించాడు.
ఐలా కూతురు స్కూలుకి పట్టుకెళ్లింది.
నేను మాత్రం ఆ పాతాయన కోసం వాకబు చేశాను.
పత్రిక మానేసి చాలా కాలమైందట, చిరునామా లేదు.
కనిపిస్తే ఒక ప్లేటు చిప్స్ నా ఖర్చు.
తిడితే తిట్టాడు,
విన్నాడు కదా.

ఇవాళ రాత్రి షిఫ్టులో
లారీ పైకప్పు కారి సరుకంతా తడిసింది.
సూపర్‌వైజర్ అటు తిరిగాక
పై పెట్టె మీద బొటనవేలితో ఒక్క దెబ్బ వేశాను.
ధబ్.
ఇంకొంచెం తడవాలి.
లేబుల్ చూశాను:
పిల్లుల తిండి, నలభై ఎనిమిది డబ్బాలు.